ఉస్తాద్ నేర్పిన కవాతు

ఆ రోజుల్లో మా ఇబ్రహీంపట్నంలో నలుగురు మగవాళ్లు ఒకచోట నిలబడితే దానికి ఏదో ఒక కారణం చూపించవలసి వచ్చేది. పెండ్లి అనో చావు అనో చెప్పగలిగితే సరే. లేకపోతే వీళ్లు రజాకార్లలో చేరారనో, ఎర్రజెండా సంఘంలో కలిశారనో ఊరే ఒక నిర్ణయానికి వచ్చేసేది. (నిజాం రాజ్యం చివరి ఏడాది అది. బజారులో ఖాకీ బట్టల భయం, గుట్టల్లో దళాలు తిరుగుతున్నాయన్న గుసగుసలు.) అటువంటి కాలంలో మేం పదకొండు మందిమి రోజూ సాయంత్రం ఎండిపోయిన పెద్దచెరువు నడిమధ్యకు పోయి, చేతుల్లో కర్రలు పట్టుకొని, వరసగా నిలబడి, కాలీడ్చుకుంటూ నడిచే ఒక పెద్దమనిషి కేక వేయగానే అందరం ఒకేసారి ఎడమకాలు ముందుకు వేసేవాళ్లం. అది క్రికెట్ అని మాకు తెలుసు. ఊళ్లో ఇంకెవరికీ తెలియదు. తెలియని వాళ్లు దాన్ని ఏమనుకుంటారో అన్న ఆలోచన మా పదకొండు తలల్లో ఒక్కదానికీ రాలేదంటే, ఆ వయసులో తలలు దేనికి పనికొచ్చేవో మీరే ఊహించుకోండి.

నేనప్పుడు మా మేనమామ దర్జీ దుకాణంలో కాజాలు కుట్టేవాణ్ణి. మిషను మీద కూర్చునే యోగ్యత నాకింకా రాలేదని మామ అభిప్రాయం, వచ్చి చాలా రోజులైందని నా అభిప్రాయం. ఎండాకాలం మొదట్లో ఒక పొద్దున ఆరడుగుల మనిషి ఒకాయన దుకాణం మెట్టెక్కి, భుజం దగ్గర కుట్టు విడిపోయిన నీలం కోటు నా చేతికిచ్చాడు. జేబు మీద బంగారు రంగు దారంతో ఏదో గుర్తు కుట్టి ఉంది. అంత నాణ్యమైన పనితనం మా బజారులో ఎవరమూ చూసి ఎరగం. ఎక్కడ కుట్టించారని మామ అడిగితే విలాయత్‌లో అన్నాడాయన. మామ నవ్వాడు. ఆయన నవ్వలేదు. ఎవరి తాలూకు అని విచారిస్తే గాని ఆయన మా గాజులక్క తమ్ముడని మాకు తెలియలేదు.

గాజులక్కను ఎరగని ఇల్లు మా ఊళ్లో లేదు. భర్త పోయిన తరువాత గాజుల బుట్ట నెత్తిన పెట్టుకొని ఇల్లిల్లూ తిరిగి బతికేది. ఏ ఇంటి కోడలి చేతికి ఏ కొలత గాజు పడుతుందో ఆమెకు కంఠతా వచ్చు. మా అవ్వకు ఆమె స్నేహితురాలు. ఈ తమ్ముడు చిన్నప్పుడే తండ్రి వెంట పట్నం పోయాడట. తండ్రి ఒక నవాబుగారి గుర్రాల దగ్గర పని చేసేవాడు. నవాబుగారికి క్రికెట్ పిచ్చి. తనకు రోజంతా బంతులు వేసే మనిషి కావలసి వచ్చి, గుర్రాల దగ్గరి కుర్రవాణ్ణి పిలిచి బంతి చేతికిచ్చాడు. ఆ కుర్రవాడు అలా వేస్తూ వేస్తూ పట్నం జట్టులోకీ, అక్కణ్ణించి హిందుస్తాన్ జట్టులోకీ వెళ్లి, ఓడ ఎక్కి, ఇంగ్లీషువాళ్ల దేశంలో ఇంగ్లీషువాళ్లకే బంతులు వేసి వచ్చాడు. తరువాత మోకాలు దెబ్బతిన్నది. నవాబుగారి మోజు కూడా క్రికెట్ మీంచి పావురాల మీదికి మళ్లింది. పావురాలకు బంతి వేసేవాడితో పని లేదు కదా, ఒక రేకు పెట్టెతో అక్క ఇంటికి వచ్చేశాడు.

ఆయన ఘనత మా ఊరికి అర్థం కావడం చాలా కష్టమైంది. నేను మా అవ్వకు సంగతంతా వివరంగా చెబితే, ఆమె చేటలో బియ్యం చెరుగుతూ ఓపికగా విని, "అంత దూరం ఓడల పోయి బంతి ఇసిరి వచ్చిండా? ఇక్కడ ఇసిరితే ఏమైతుండె?" అంది. అక్కడ పెద్ద మ్యాచ్ ఆయన ఆడింది ఒక్కటే. అందులో పొద్దంతా బంతులు వేస్తే ఒకే ఒక్కసారి క్యాచ్ లేచిందట. దాని కింద నిలబడ్డది జట్టు కెప్టెన్, ఏదో సంస్థానానికి రాజావారు. రాజావారు రెండు చేతులూ చాచి బంతిని నేలపాలు చేసి, తన దిక్కు పోయేలా బంతి ఎందుకు వేశావని ఈయననే కోప్పడ్డారు. ఇది చెప్పినప్పుడల్లా మేం రాజావారిని తిట్టేవాళ్లం. ఆయన మాత్రం, పాపం ఆ రోజు రాజావారికి ఎండ కళ్లల్లో పడింది అనేవాడు. (ఆ దేశంలో ఎండ ఉండదని కూడా ఆయనే చెప్పాడు. మేం గుర్తు చేయలేదు.)

నేనూ, మా వీధిలో ఉండే పొడుగోడూ ఒక సాయంత్రం ఆయన వెంట చెరువులోకి నడిచాం. ఆయన వంగి నేలను గోటితో గీకి, మట్టిని వేళ్ల మధ్య నలిపి, ఈ నేల మీద బంతి మస్తుగా తిరుగుతుందని మురిసిపోయాడు. అంతే, మరునాటి నుంచి మేం ఆయన శిష్యులం. కోచ్ అన్న మాట మేం వినలేదు కాబట్టి ఉస్తాద్ అన్నాం. వడ్రంగి ఒకాయన వేపచెక్కతో రెండు బ్యాట్లు చేసిచ్చాడు. అవి ఎంత బరువంటే, ఎత్తి నిలబెట్టడమే ఒక ఘనకార్యం, కొట్టడం అన్నది తరువాతి సంగతి. మిగిలినవాళ్లకు కర్రలే. బంతులు నా వంతు. సీసా బిరడా చుట్టూ మామ దుకాణంలోని పీలికలు బిగించి చుట్టి, పైన దొడ్డు దారంతో కుట్టేవాణ్ణి. ఉస్తాద్ పెట్టెలో అసలైన తోలుబంతి ఒకటి రుమాలులో చుట్టి ఉండేది. దాన్ని చూడటానికి ఇచ్చేవాడు గాని ఆడటానికి ఇచ్చేవాడు కాదు.

ఆ మాటకొస్తే చాలా రోజులు ఏ బంతీ ఇవ్వలేదు. ముందు నిలబడటం రావాలి, తరువాత ఎడమకాలు ముందుకు రావాలి, దానితోపాటు ఎడమ మోచేయి పైకి లేవాలి, అప్పటికీ ఓపిక మిగిలి ఉంటే బంతి సంగతి మాట్లాడదాం అన్నది ఆయన పద్ధతి. దాంతో మేం వరసగా నిలబడి, ఆయన "ఆగే" అనగానే కాళ్లు వేసేవాళ్లం. ధోవతులు కట్టుకున్న వాళ్లు కాలు చాపిన ప్రతిసారీ ఏదో ఒకటి ఊడేది. నేను దర్జీ ఇంటివాణ్ణి కనుక తెల్ల మల్లుగుడ్డతో సొంతంగా ఒక ప్యాంటు కుట్టుకున్నాను. పెండ్లికి పనికొస్తుందని అవ్వ సంతోషించింది. నాకు మాత్రం అది తొడుక్కున్న క్షణం నుంచీ నేను కూడా ఓడ ఎక్కబోతున్నానన్న నమ్మకం కుదిరింది. ఎడమ మోచేయి లేవడం లేదని ఉస్తాద్ రోజూ మొత్తుకునేవాడు. అది నాకు చిన్న లోపంగా తోచేది.

మా కవాతును మొదట మెచ్చుకున్నది సంఘం మనిషి. ఒక మధ్యాహ్నం గొర్రెల కాపరిలా గొంగడి కప్పుకున్న ఒకతను కందుకూరు దిక్కు నుంచి వచ్చానంటూ దుకాణం ముందు నీడకు కూర్చుని, మెల్లగా మాట కలిపి, మీరు ఎవరి కోసం తయారవుతున్నారని నన్ను అడిగాడు. నేను ఎంతో గర్వంగా, రేపు పట్నం జట్టుతో తలపడటానికి అని చెప్పాను. అతను పొడుగోడు రాయి విసిరితే ఎంత దూరం పడుతుందో, చేతిబాంబు బరువు ఎంతుంటుందో లెక్క వేసుకుంటున్నట్టు ఆలోచించి, అంత దూరం విసిరే చేతులు మీకు ఆటకెందుకు అన్నాడు. మామ లోపలి నుంచి కత్తెర పట్టుకొని బయటికి రావడంతో గొంగడి సర్దుకొని వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం మామ నన్ను తిట్టిన తిట్లలో సగం నాకు అప్పుడు అర్థం కాలేదు.

తరువాత ఖాకీ బట్టల రజాకార్ల వంతు. వాళ్ల నాయకుణ్ణి ఊరంతా కమాండర్ అనేది. ఇద్దరు మనుషులతో చెరువులోకి వచ్చి, గట్టు మీద కూర్చుని మా అడుగులన్నీ చూసి, లేచి ఉస్తాద్ భుజం తట్టాడు. తన దగ్గరున్న పోరగాళ్లకు ఒక్కరి కాలు పడినట్టు ఇంకొకరి కాలు పడటం లేదనీ, రేపటి నుంచి వచ్చి వాళ్లకు నేర్పమనీ, తమ మతంవాడై ఉండి వీళ్లకు నేర్పడమేమిటనీ అన్నాడు. మేం కర్రలు పట్టుకొని అలాగే నిలబడిపోయాం. ఉస్తాద్ చేతిలోని గుడ్డబంతిని అటూ ఇటూ తిప్పాడు.

"నేను ఆడేది పొద్దుగూకితే అయిపోయే ఆట" అన్నాడు చివరికి. "అయిపోయినంక రెండు దిక్కులోళ్లు ఒక్క కాడ కూసోని చాయ్ తాగుతరు. మీ దాంట్ల చాయ్ ఎప్పుడు తాగుతరో చెప్పు, అప్పుడు వస్త."

కమాండర్ మా వేప బ్యాట్లు రెండూ తీయించుకొని వెళ్లిపోయాడు. ఆ రోజుతో ఆట ఆగిపోయింది. ఉస్తాద్ ఇల్లు కదలడం మానేశాడు. ఆయనను ద్రోహి అన్నవాళ్లున్నారు, సలాం చేస్తే ముఖం తిప్పుకున్నవాళ్లున్నారు. గాజులక్క గాజులు అమ్మడానికి పోయేటప్పుడు బయట గొళ్లెం పెట్టి పోయేది. నేను గోడ అవతల నుంచి పలకరిస్తే, మోచేయి ఎట్లున్నది అని లోపల నుంచి అడిగేవాడు. వానలు పడ్డాయి, చెరువులోకి నీళ్లు వచ్చాయి, మేం కవాతు చేసిన చోటు మునిగిపోయింది.

వానాకాలం చివర ఒకరోజు ఆకాశంలో విమానాలు తిరిగాయి. అంబర్‌పేట దిక్కు రోడ్డు మీద మిలిటరీ బండ్లు బారులు తీరి పోతున్నాయన్నారు. కొద్ది రోజుల్లోనే రాజ్యం మారిపోయింది. కమాండర్ ఎటు పోయాడో ఎవరూ చూడలేదు. ఒక ఫౌజీ దళం వచ్చి మా బడి ఆవరణలో డేరాలు వేసింది. జనం దండలు వేశారు, నేను కూడా గొంతు బొంగురుపోయేలా జై కొట్టాను. కాని ఆ సంతోషంలోనే ఇంకొకటి మొదలైంది. ఎవరు రజాకార్లతో తిరిగారో చెప్పమని మిలిటరీవాళ్లు అడగడం, ఎవరికి ఎవరి మీద కోపముంటే వాళ్ల పేరు చెప్పడం. అందులో అందరికంటే చురుకైనవాడు ఒక గడ్డి వ్యాపారి. మొన్నటిదాకా కమాండర్‌కు పలావు వండించి పెట్టినవాడే, ఇప్పుడు తెల్లటోపీ పెట్టుకొని డేరాల దగ్గరే కూర్చున్నాడు. వాడు చెప్పిన పేర్లలో ఉస్తాద్ పేరు ఉంది. చెరువులో కవాతు చేయించడం తన కళ్లతో చూశానన్నాడు. అందులో అబద్ధమేమీ లేదు, ఊరంతా చూసింది.

గాజులక్క బుట్ట లేకుండా మా దుకాణానికి రావడం నేను అదే మొదటిసారి చూశాను. "మా తమ్ముణ్ణి తోల్కపోయిండ్రు" అంది. "నువ్వు ఆడినవ్ గద, జర వచ్చి చెప్పు."

మామ నన్ను కదలవద్దన్నాడు. ఆ రోజుల్లో పేరు పడ్డవాడి తరఫున మాట్లాడితే మన పేరు కూడా పడుతుంది, మామ భయంలో తప్పేమీ లేదు. మిగిలిన తొమ్మిది మందిలో కొందరు ఇంట్లో లేరన్నారు, కొందరి ఇంటి తలుపులే తెరుచుకోలేదు. నేనూ పొడుగోడూ మిగిలాం. నాది ధైర్యం అని చెప్పుకోవాలని ఉంది గాని, ఇంట్లోకి పోయి ఆ తెల్ల ప్యాంటు తొడుక్కున్నాక నాకు భయం సగం తగ్గిందన్నది అసలు సంగతి. మూర్ఖత్వం కూడా ఒక్కోసారి మనిషిని సరైన చోటికి నడిపిస్తుంది.

బడి ఆవరణలో ఉస్తాద్‌ను ఇంకొందరితోపాటు గోడ వారగా కూర్చోబెట్టారు. ఆఫీసరు చిన్నవాడే, సన్నటి మీసం, మాట ఉర్దూలో. నేను అది కవాతు కాదు క్రికెట్ అని చెప్పాను. ఆయన నన్నూ నా ప్యాంటునూ పైనుంచి కిందికి చూసి, నీకు ఎవరు నేర్పారని అడిగాడు. ఉస్తాద్ అన్నాను. ఆయన విలాయత్‌లో ఆడాడని కూడా చెప్పాను. అప్పుడు ఆఫీసరుకు నిజంగా కోపం వచ్చింది. తాను కాలేజీ జట్టులో ఆడాననీ, విలాయత్‌కు పోయినవాడు ఈ ఊళ్లో కర్రలతో ఎందుకు ఉంటాడనీ అన్నాడు. తెల్లటోపీ వ్యాపారి నవ్వాడు. ఆఫీసరు, అయితే ఆడి చూపించండి అన్నాడు.

బ్యాట్ లేదని నేను చెప్పబోతుంటే పొడుగోడు వేలెత్తి చూపించాడు. రజాకార్ల దగ్గర పట్టుకున్న ఆయుధాలు ఒక మూల కుప్ప పోసి ఉన్నాయి. కత్తులు, బరిసెలు, నాటు తుపాకుల మధ్యన మా వేప బ్యాట్లు రెండూ పడి ఉన్నాయి. ఒక జవాను వాటిలో ఒకదాన్ని, ఏ వైపు నుంచి పేలుతుందో తెలియనట్టు జాగ్రత్తగా తెచ్చి నా చేతిలో పెట్టాడు. మా వెంట వచ్చిన గాజులక్క ఇంటికి పోయి రుమాలులోని తోలుబంతి తెచ్చింది. మూడు పుల్లలు పాతారు.

నేను పుల్లల ముందు నిలబడ్డాను. ఉస్తాద్ ప్రాణం నా బ్యాట్ మీద ఉందని నాకు రూఢి అయిపోయింది. నాలుగు దెబ్బలు బాగా కొడితే ఇది ఆట అని తేలిపోతుంది, ఆయన ఇంటికి పోతాడు. ఆయనకు కూడా ఇది తెలుసు కదా, మెత్తగా వేస్తాడు అనుకున్నాను. పక్కనుంచి పోతుంటే, జర మెల్లగ వెయ్యి ఉస్తాద్ అని గొణిగాను కూడా. ఆయన విన్నట్టు లేదు. తోలుబంతిని ప్యాంటుకు రుద్దుతూ, కాలీడ్చుకుంటూ కొద్ది అడుగులు వేసి, చేయి తిప్పాడు. బంతి నాకు దూరంగా పోతున్నట్టే వచ్చింది. నేల తాకాక మనసు మార్చుకుంది. వెనక పుల్ల విరిగిన చప్పుడు నాకు వినిపించింది. రెండో బంతికి ఇంకో పుల్ల. మూడోదానికి నేను కళ్లు మూసుకున్నాను.

"మోచేయి ఏది రా" అన్నాడు ఉస్తాద్. చుట్టూ తుపాకులున్నాయి, గోడ వారగా కూర్చున్నవాళ్లు చూస్తున్నారు, ఆయనకు మాత్రం నా మోచేయి కనబడింది.

నేను ఆయన కొంప ముంచానని ఏడుపొచ్చింది. తలెత్తి చూస్తే ఆఫీసరు కుర్చీలోంచి లేచి నిలబడి ఉన్నాడు. నడుముకున్న పిస్తోలు పట్టీ విప్పి జవానుకిచ్చి, నా దగ్గరికి వచ్చి బ్యాట్ తీసుకున్నాడు. దాని బరువుకు ఒకసారి తూలి, సర్దుకొని నిలబడ్డాడు. ఉస్తాద్ అదే నడకతో వచ్చి బంతి వేశాడు. ఆఫీసరు చక్కగా కాలు ముందుకు చాపాడు, బ్యాట్ చాపాడు, బంతి ఆ రెండింటి మధ్య నుంచి దారి చేసుకొని పోయి, మళ్లీ పాతిన పుల్లను పడగొట్టింది. జవాన్లు నవ్వాలా వద్దా అని ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఉస్తాద్ కుంటుకుంటూ ఆయన దగ్గరికి పోయి, అనుమతి కూడా అడగకుండా ఆ మిలిటరీ మోచేతిని పట్టుకొని రెండు వేళ్లతో పైకి లేపాడు.

"గిట్ల" అన్నాడు. "ఇప్పుడు ఆడుండ్రి."

తరువాతి బంతి ఆఫీసరు బ్యాట్ నడిమధ్యలో తగిలి బడి గోడ దాకా పోయింది. ఆ మనిషి ముఖంలో కనిపించిన సంతోషం చిన్నపిల్లవాడిది. ఆ పూట ఇంకెవరి విచారణా జరగలేదు. చీకటి పడేదాకా ఆయన ఆడుతూనే ఉన్నాడు, ఉస్తాద్ వేస్తూనే ఉన్నాడు, బంతి వెతికి తెచ్చే పని నాకూ పొడుగోడికీ పడింది. చివర ఇద్దరూ డేరా ముందు కూర్చుని చాయ్ తాగారు. ఆఫీసరు గడ్డి వ్యాపారిని పిలిచి, ఈ కవాతు తన జవాన్లకు కూడా నేర్పించాలని ఉందని చెప్పి, ఉస్తాద్‌ను జీపులో ఇంటికి పంపాడు. మేం కూడా ఎక్కాం. నేను జీపు ఎక్కడం అదే మొదలు. బజారంతా చూడాలని ఒక కాలు బయటికి పెట్టి కూర్చున్నాను.

ఇంటి ముందు దిగాక నేను గాజులక్కతో, చూసినవా అక్కా అని గొప్పగా ఏదో అనబోయాను. ఆమె తమ్ముడి వీపు నిమురుతూ బడి దిక్కే చూస్తోంది. "వీనికి బంతి ఏసుడొచ్చు, ఇడిసిపెట్టిండ్రు" అంది. "గోడ కాడ కూసున్నోళ్లకు ఏమొచ్చు?" వాళ్లలో టాంగా తోలే ముసలాయన ఉన్నాడు, పరుపులకు దూది ఏకేవాడు ఉన్నాడు. కమాండర్ చెప్పిన చోటికి టాంగా తోలడం తప్ప ఆ ముసలాయన చేసిన నేరమేమీ లేదు. మరునాడు ఉస్తాద్ పొద్దున్నే తనంతట తానే డేరాల దగ్గరికి పోయాడు. ఆఫీసరుతో ఆడుతూ మధ్యమధ్యన వాళ్ల సంగతి ఒక్కొక్కరిదీ చెప్పాడట. కొందరిని విడిచిపెట్టారు. అందరినీ కాదు. టాంగా ముసలాయన చాలాకాలం తరువాత తిరిగొచ్చాడు గాని మళ్లీ బండి కట్టలేదు. ఈ కథ నేను ఎన్నిసార్లు నవ్వుతూ చెప్పినా ఈ చోట కొంచెం ఆగుతాను.

ఆ ఆఫీసరు చెప్పిన మాట మీదనే ఉస్తాద్‌కు పట్నంలో ఒక కాలేజీ కుర్రాళ్లకు ఆట నేర్పే ఉద్యోగం దొరికింది. అక్కను కూడా తీసుకుపోయాడు. ఆయన చేతి కింద తయారైనవాళ్లలో కొందరు పెద్ద పెద్ద జట్లకు ఆడారు, ఒకరిద్దరు ఓడ కాదు, విమానమే ఎక్కారు. నాకు మామ చివరికి మిషను అప్పగించాడు, పెండ్లయింది, సొంత దుకాణం పెట్టాను. ఉస్తాద్‌కు వయసు మళ్లిందని విని ఒకసారి చూడటానికి వెళ్లాను. మైదానం నిండా తెల్లబట్టల కుర్రాళ్లు. ఆయన గుర్తుపట్టి, కుర్చీలోంచి లేవబోయి, లేవలేక నవ్వి, కుర్రాళ్లందరినీ దగ్గరికి పిలిచాడు. నా గురించి ఏం చెబుతాడో నాకు తెలుసు. ఎన్నో ఏళ్లుగా అది విందామనే ఉన్నాను. చొక్కా సర్దుకున్నాను.

"మీకు చెప్తుంటి గద ఇబ్రహీంపట్నం ముచ్చట, గా పోరడు వీడే" అన్నాడు. "ఆనాడు వీడు ఒక్క బంతి ఆపినా ఆఫీసర్ లేవకపోతుండె. నేను జైల్ల పడుతుంటి. నా పానం కాపాడిండు."

కుర్రాళ్లు పడిపడి నవ్వారు. ఆయన నా చేయి పట్టుకొని చాలాసేపు వదలలేదు. నేనూ నవ్వాను. ఇంటికి వచ్చాక మా ఆవిడ అన్నం వడ్డిస్తూ, ఉస్తాద్ ఏమన్నాడని అడిగింది. తెల్ల ప్యాంటు తొడుక్కొని, ఒక మనిషి ప్రాణం తన బ్యాట్ మీదే ఉందని నమ్మి నిలబడ్డ ఆ పందొమ్మిదేళ్ల కుర్రవాడు జ్ఞాపకం వచ్చాడు. వాడి మనసు నొప్పించడం నాకిష్టం లేకపోయింది. నా వల్లనే బతికానన్నాడు అని చెప్పి, పచ్చడి వేయమన్నాను.